చేపల మేతలో మూలికలు: పసుపా, ఎల్లిగడ్డా, వేపా? ఎవరికి ఏది సరిపోతుంది

కొర్రమట్ట పెంచే రైతులు నలుగురు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా ఈమధ్య మందుల దగ్గరికే వస్తోంది. ఒకాయన ఎల్లిగడ్డ రసం కలపమంటాడు. ఇంకొకాయన పసుపు ఒక్కటి చాలంటాడు. మందుల షాపులో హెర్బల్ ప్యాకెట్ చేతిలో పెడతారు. పక్కూరి రైతు వేపాకు నూరి పోశానంటాడు. అన్నీ మొక్కలే కదా, ఏది వేసినా నష్టం లేదులే అనుకుని నాలుగూ కలిపి వేసేవాళ్లూ ఉన్నారు.

ముందు ఆ "నష్టం లేదు" అన్న మాట సంగతి చూద్దాం. ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు ఇప్పచెట్టు తెలియనివాళ్లుండరు. ఇప్పగింజల నుంచి నూనె తీశాక మిగిలే చెక్కను, కొత్త చేపపిల్లను వదిలే ముందు చెరువులో ఉన్న పనికిరాని చేపలను చంపడానికి వాడతారు. మీటరు లోతు నీళ్లుంటే ఎకరానికి సుమారు వెయ్యి కిలోలు పడుతుంది. అందులోని సపోనిన్ అనే పదార్థం చేప రక్తకణాలను పగలగొడుతుంది. రెండు మూడు వారాలకు విషం విరిగి, అదే చెక్క చెరువుకు ఎరువుగా మారుతుంది. చెట్టు నుంచి వచ్చిన వస్తువే ఒక మోతాదులో చేపను చంపుతుంది, విషం పోయాక నీటిని పోషిస్తుంది. అందుకే మేతలో ఏ మూలిక కలపాలన్నా మొదట అడగాల్సింది ఎంత, ఎన్నాళ్లు, ఎవరి చెరువులో అని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గుళికల మేత వేసి కొర్రమట్ట, పంగస్, తిలాపియా పెంచేవాళ్లకు పసుపు మొదటి ఎంపిక. ఎల్లిగడ్డను కొద్దిరోజులకు, ఒక పని కోసం వాడుకోవాలి. వేపను మేతలోకి రానివ్వకూడదు. ఊరి పెద్ద చెరువులో చేపలు వదిలిన సొసైటీ వాళ్లు మాత్రం మూలికల మీద పెట్టే డబ్బు ఇంకోచోట పెట్టుకోవడం మేలు. ఎందుకో కింద వివరంగా ఉంది.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

అన్నిటికన్నా బరువైన ప్రశ్న: మీరు మేత ఏ రూపంలో వేస్తున్నారు?

చాలామంది ఏ మూలిక గొప్పది అన్న దగ్గరే ఆగిపోతారు. ఎంత గొప్పదైనా చేప కడుపులోకి వెళ్లకపోతే దండగే. నూనె తీసిన తవుడు, పల్లి చెక్క కలిపి చిల్లులు పెట్టిన సంచుల్లో నింపి, వెదురు కర్రలకు వేలాడదీసే పద్ధతి ఉంది కదా. ఆ పొడి మేతలో పసుపు గానీ ఎల్లిగడ్డ గానీ కలిపితే చేప వచ్చి పొడిచేలోపే సగం నీళ్లలో కలిసిపోతుంది. పదెకరాల నీటిలో అది ఏట్లో చింతపండు పిసికినట్టే. తేలే గుళికలకు నూనెతోనో గంజితోనో పూత పట్టిస్తే సంగతి వేరు. పది పదిహేను నిమిషాల్లో చేపలు తినేస్తాయి కాబట్టి కలిపినదాంట్లో ఎక్కువ భాగం లోపలికే పోతుంది.

రెండోది చేప జాతి. మూలికల మీద పరిశోధనలు ఎక్కువగా రవ్వు మీద, తిలాపియా మీద జరిగాయి. కొర్రమట్ట మాంసం తినే చేప, వాసనకూ రుచికీ పట్టింపు ఎక్కువ. రవ్వుకు సరిపోయిన మోతాదును కొర్రమట్టకు మొదటిరోజే పూర్తిగా వేస్తే మేత ముట్టకుండా వదిలేయొచ్చు. సగంతో మొదలుపెట్టి, తింటున్నాయని నమ్మకం కుదిరాక పెంచండి.

మూడోది, దేనికోసం వేస్తున్నారు. రోగనిరోధక శక్తి పెరగాలా, మేత బాగా తినాలా, లేక జబ్బు వచ్చాక తగ్గాలా? మొదటి రెండింటికి మూలికల వల్ల ఎంతోకొంత ఉపయోగం కనబడుతుంది. మూడోదానికి ఆశ పెట్టుకోవద్దు. జబ్బు పడ్డ చేప చేసే మొదటి పని మేత మానేయడం. తినని చేపకు మేతలో మందు ఎలా అందుతుంది?

నాలుగోది ఖర్చు. ఇక్కడ చాలామంది లెక్క తప్పుతుంది, ఎందుకంటే మూలిక ధరే చూస్తారు గానీ దాన్ని గుళికకు అంటించే నూనె ధర చూడరు. ఈ లెక్క కింద విడిగా వేశాను.

## ఒక్క చూపులో

| ఎంపిక | కిలో మేతకు | ఎవరికి సరిపోతుంది | ఇబ్బంది |
|---|---|---|---|
| పసుపు పొడి | 2–5 గ్రా. | గుళికల మేత వేసే అందరికీ | నూనె లేకుండా ఒంటికి పట్టదు, కల్తీ ఎక్కువ |
| ఎల్లిగడ్డ | పొడి 5–10 గ్రా., పచ్చిది 15–30 గ్రా. | వల తిప్పాక, పిల్లను మార్చాక, మేత తగ్గినప్పుడు | ఖర్చు, వాసన |
| అశ్వగంధ వేరు పొడి | 2 గ్రా. దగ్గర | కొర్రమట్ట పిల్లలు, ఖరీదైన పిల్ల | నాణ్యమైన వేరు దొరకాలి |
| ఉత్తరేణి గింజల పొడి | 5 గ్రా. | నర్సరీ కుంటలు | గింజ ఏరే కూలి |
| తులసి, నేలవేము | కొద్దిగా | ఓపికగా పరీక్షించేవాళ్లకు | నేలవేము చేదు, ఇంటి పొడికి మోతాదు కుదరడం కష్టం |
| వేప | వద్దు | ఎవరికీ కాదు | విషం, చేదు |
| హెర్బల్ ప్యాకెట్ | ప్యాకెట్ మీద రాసినంత | కూలీలు దొరకనివాళ్లకు | లోపల ఏముందో చూడాలి |

## పసుపు

ఉత్తర తెలంగాణ రైతుకు పసుపు బయటి వస్తువు కాదు. నిజామాబాద్, జగిత్యాల వైపు అది ఇంటి పంట. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కూ కొమ్ములు వస్తాయి. జాతీయ పసుపు బోర్డును 2025 జనవరిలో నిజామాబాద్‌ కేంద్రంగానే మొదలుపెట్టారు. అంటే సరుకు దగ్గర్లోనే ఉంది, రేటు రోజూ తెలుస్తుంది, ఎండబెట్టాక ఏడాది నిలవుంటుంది. చేపల రైతుకు ఇది చిన్న వెసులుబాటు కాదు.

పసుపులో పనిచేసేది కర్కుమిన్. రకాన్ని బట్టి 2 నుంచి 5 శాతం దాకా ఉంటుంది. రవ్వు చేపలకు మేతలో పసుపు కలిపిపెట్టి, తర్వాత ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియాను ఎక్కించి చూసిన పరిశోధనల్లో, పసుపు తిన్న గుంపులో ఎక్కువ చేపలు బతికాయి. ఒంటి మీద ఎర్రమచ్చలు, పొట్ట ఉబ్బడం, పొలుసులు లేవడం లాంటి లక్షణాల వెనక తరచుగా ఉండేది ఈ ఏరోమోనాసే, కాబట్టి మన చెరువులకు ఈ ఫలితంతో నేరుగా సంబంధం ఉంది. అయితే అవి శుభ్రమైన తొట్లలో, లెక్కపెట్టిన చేపల మీద చేసిన ప్రయోగాలు. అడుగున అడుగు మందం బురద పేరుకున్న కుంటలో అదే ఫలితం ఆశించకూడదు.

కర్కుమిన్‌కు ఒక పెద్ద లోపం ఉంది. నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది, పేగుల నుంచి రక్తంలోకి కొంచెమే చేరుతుంది. పసుపును నీళ్లలో కలిపి గుళికల మీద చల్లితే ఆ పొడి ఆరాక రాలిపోతుంది, మిగిలింది కూడా ఒంటికి పట్టదు. నూనెలో కలిపి పూస్తే గుళికకూ అంటుతుంది, లోపలికీ కాస్త ఎక్కువ వెళ్తుంది. చిటికెడు మిరియాల పొడి కలిపితే కర్కుమిన్ ఇంకొంచెం బాగా అందుతుందని మనుషుల విషయంలో తేలింది. చేపల కోసం మిరియాలు కొనమని మాత్రం నేను చెప్పను, వాటి రేటు చూస్తే అర్థమవుతుంది.

కొనేటప్పుడు కొమ్ములే కొనండి, వీలైతే పాలిష్ పట్టనివి. గిర్నీలో మీ కళ్ల ముందే పట్టించుకోండి. రెడీమేడ్ పొడిలో రంగు కోసం మెటానిల్ ఎల్లో, లెడ్ క్రోమేట్ కలిపే మోసాలు పాతవే. లెడ్ క్రోమేట్ అంటే సీసం. రోగం రాకూడదని పెట్టిన మేత నుంచి సీసం చేప మాంసంలోకి చేరితే, దాన్ని తినేది మన పిల్లలే.

## ఎల్లిగడ్డ

మూలికలన్నిటిలో ఎక్కువమంది నమ్మేది ఇదే. ఆ నమ్మకం ఊరికే రాలేదు. రవ్వు మీద జరిగిన ప్రయోగాల్లో కిలో మేతకు 1, 5, 10 గ్రాముల ఎల్లిగడ్డ పొడి వేసి చూశారు, వ్యాధిని తట్టుకునే శక్తి పెరిగింది. దానికి తోడు వాసన చేపను మేత దగ్గరికి లాగుతుంది. కొత్తచోటికి మార్చిన పిల్ల మేత ముట్టకుండా మొండికేసినప్పుడు ఎల్లిగడ్డ పూత చేసే సాయం పసుపు చేయలేదు.

ఇందులో పనిచేసేది అల్లిసిన్. పాయ లోపల అది సిద్ధంగా ఉండదు. పాయను దంచినప్పుడు రెండు పదార్థాలు కలిసి అప్పటికప్పుడు తయారవుతుంది. అందుకే దంచి పది నిమిషాలు అలా వదిలేసి, ఆ తర్వాత కలపాలి. వేడి గంజిలో వేస్తే అల్లిసిన్ తయారయ్యే వ్యవస్థే చచ్చిపోతుంది. మేత మిల్లులో గుళిక తయారయ్యేటప్పుడే ఎల్లిగడ్డ వేయించుకున్నామని కొందరు గొప్పగా చెబుతారు. తేలే గుళిక తయారీలో వేడి నూరు డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి మిగిలేది వాసనలో కొంత భాగమే.

ఎక్కువైతే మంచిది కాదు. ఉల్లి జాతి మొక్కల్లోని గంధక పదార్థాలు మితి మీరితే రక్తహీనత తెస్తాయి, పెరుగుదలా మందగిస్తుంది. వారం నుంచి పది రోజులు వేసి ఆపేయండి. చేపలు పట్టడానికి వారం ముందు తప్పనిసరిగా మానేయండి, లేకపోతే వాసన మాంసంలో ఉండిపోయిందని కొనేవాళ్లు మొహం తిప్పుకుంటారు.

ధర పసుపులా నిలకడగా ఉండదు. 2024లో కిలో 300 రూపాయలు దాటిపోయిన సంగతి ఇంట్లో ఆడవాళ్లను అడిగితే చెబుతారు. సైజు చిన్నగా ఉండి అమ్ముడుపోని గడ్డలు సీజన్ చివర్లో తక్కువకు దొరుకుతాయి, చేపలకు అవి చాలు. బూజు పట్టినవి మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు.

## అశ్వగంధ, ఉత్తరేణి, తులసి, నేలవేము

అశ్వగంధ వేరు పొడిని రవ్వు మేతలో కిలోకు 1, 2, 3 గ్రాములుగా వేసి చూసినప్పుడు 2 గ్రాముల దగ్గర మంచి ఫలితం వచ్చింది. మూడు గ్రాములకు పెంచితే అదనంగా ఒరిగిందేమీ లేదు. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకున్నా చాలు, రెట్టింపు వేస్తే రెట్టింపు లాభం వస్తుందన్న లెక్క మూలికల్లో పనిచేయదు. వేరు పేరుతో కాడ, ఆకు కలిపి పట్టిన పొడి కూడా బజార్లో తిరుగుతుంది కాబట్టి వేర్లే కొని పట్టించుకోవాలి.

ఉత్తరేణి మన గట్ల మీద మొలిచే కలుపు, వినాయక చవితి పత్రిలో కనబడేది. దీని గింజల మీద ఢిల్లీ విశ్వవిద్యాలయం వాళ్లు రవ్వు, బొచ్చె చేపలతో పనిచేశారు, మేతలో అర శాతం కలిపితే రోగనిరోధక శక్తి పెరిగినట్టు చూపించారు. రూపాయి ఖర్చు లేని గింజ. కానీ బట్టలకు అతుక్కునే ఆ ముళ్ల గింజలు కిలో ఏరాలంటే ఎన్ని పూటలు పడుతుందో ఊహించుకోండి. చిన్న నర్సరీ కుంటకు రోజుకు కొద్ది గ్రాములే పడుతుంది కాబట్టి అక్కడివరకూ సాధ్యమే. ఎకరాల చెరువుకు కాదు.

తులసి మీద వచ్చిన మంచి ఫలితాల్లో చాలావరకు ఆకు సారం తీసి వాడినవి. ఎండబెట్టిన ఆకు పొడికీ సారానికీ బలంలో చాలా తేడా ఉంటుంది, కాబట్టి ఆ మోతాదును ఇంట్లో చేసుకున్న పొడికి అన్వయించలేం. నేలవేము చేదుకు గుళికను నోట్లోకి తీసుకుని ఉమ్మేసే చేపలుంటాయి. ఈ రెండూ వద్దనను, కానీ మొదటిసారి మూలిక వాడేవాళ్లు వీటితో మొదలుపెట్టడం నాకు నచ్చదు.

## వేప

వేప మీద మనకున్న గౌరవం వల్ల ఇది రాయడం కొంచెం ఇబ్బందిగానే ఉంది. పంటకు వేపనూనె పనిచేస్తుంది, ధాన్యంలో వేపాకు పనిచేస్తుంది. ఎందుకు పనిచేస్తుంది? పురుగును తిననివ్వదు, పెరగనివ్వదు, గుడ్లు పెట్టనివ్వదు. అదే గుణం చేపల మేతలోకి వస్తే ఏం జరుగుతుందో మీరే ఆలోచించండి. వేప సారానికి గురైన చేపల మొప్పలు, కాలేయం దెబ్బతిన్నట్టు పరిశోధనల్లో కనబడింది. గింజలో ఆకుకన్నా ఘాటు ఎక్కువ. తల్లి చేపలున్న చెరువు దరిదాపులకు కూడా తేవద్దు. ఎర్ర పుండ్లు కనబడగానే బకెట్ల కొద్దీ వేపాకు కషాయం నీళ్లలో పోసేవాళ్లున్నారు. అప్పటికే జబ్బుతో అలసిపోయిన మొప్పల మీద ఇంకో దెబ్బ వేసినట్టవుతుంది.

## షాపులో దొరికే ప్యాకెట్

కైకలూరు, భీమవరం వైపు అందరూ వాడుతున్నారు అన్నమాటతో వరంగల్‌లో చాలా సరుకు అమ్ముడుపోతుంది. వాళ్ల చెరువులు, వాళ్ల నీళ్లు, వాళ్ల మేత పద్ధతి వేరు. అక్కడ పనిచేసిందో లేదో మనకు తెలియదు, పనిచేసినా ఇక్కడ పనిచేయాలని లేదు. అలాగని ప్యాకెట్లన్నీ మోసం అనలేం. దంచడానికి, ఎండబెట్టడానికి మనుషులు దొరకని చోట అది సౌకర్యం. ప్యాకెట్ తిప్పి చూడండి. ఏ మూలిక ఎంత శాతమో రాసి ఉండాలి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, కిలో మేతకు ఎంత అన్నది ఉండాలి. "విశిష్ట మూలికల మిశ్రమం" అని మాత్రమే రాసి, అన్ని రోగాలకూ ఒకటే మందు అన్నారంటే పక్కన పెట్టేయండి. రెండు రోజుల్లో చావులు ఆగిపోయాయని ఎవరైనా చెబితే ఇంకో అనుమానం కూడా రావాలి. కొన్నిసార్లు అందులో యాంటీబయాటిక్ కలిసి ఉండొచ్చు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివి చేపల పెంపకంలో నిషేధం. ప్యాకెట్ మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉన్నంత మాత్రాన లోపలిది మూలికే అనుకోలేం.

## ఖర్చు లెక్క

టన్ను గుళికల మేతకు లెక్క వేద్దాం. రేట్లు ఉదాహరణకే, మీ ఊరి రేటు వేసుకోండి.

పసుపు కిలోకు 3 గ్రాముల చొప్పున టన్నుకు 3 కిలోలు. కిలో 150 రూపాయలనుకుంటే 450. పచ్చి ఎల్లిగడ్డ కిలోకు 15 గ్రాముల చొప్పున 15 కిలోలు. కిలో 200 అనుకున్నా 3,000. అశ్వగంధ 2 కిలోలు, కిలో 500 అనుకుంటే 1,000. ఇప్పుడు నూనె. కిలో మేతకు 15 మిల్లీలీటర్ల చొప్పున టన్నుకు 15 లీటర్లు, లీటరు 150 అనుకుంటే 2,250 రూపాయలు. పసుపుకన్నా దాన్ని అంటించే నూనె ఐదు రెట్లు ఖరీదు. మూలికలు చవక అనేవాళ్లు ఈ గీత దాకా రారు.

నూనె పూర్తిగా వృథా కాదు, చేపకు అదీ శక్తే. ఎల్లిగడ్డకు నూనె అక్కర్లేదు, చల్లారిన గంజి సరిపోతుంది. పసుపుకు మాత్రం నూనె తప్పదు. ఏడాది పొడుగునా వేసే ఆలోచన మానుకుని మూడు వారాలకే వాడితే ఈ ఖర్చు భరించగలిగేంత ఉంటుంది. ఉదాహరణకు చెరువులో వెయ్యి కిలోల చేప ఉండి, బరువులో 2 శాతం మేత వేస్తున్నారనుకోండి. రోజుకు 20 కిలోల మేత, 60 గ్రాముల పసుపు, 300 మిల్లీలీటర్ల నూనె. మూడు వారాలకు పసుపు కిలోంపావు, నూనె ఆరున్నర లీటర్లకు లోపే.

## కలిపే పద్ధతి

పది కిలోల గుళికలను శుభ్రమైన పట్టా మీద పరవండి. 150 మిల్లీలీటర్ల నూనెలో 30 గ్రాముల పసుపు బాగా కలిపి, కొంచెం కొంచెంగా చల్లుతూ చేత్తో తిప్పండి. నీడలో అరగంట ఆరనివ్వండి, ఎండలో కాదు. ఏ రోజుది ఆ రోజే కలిపి ఆ రోజే వేయండి. నూనె పూసిన మేతను వానాకాలంలో మూటకట్టి ఉంచితే కంపు కొడుతుంది, బూజు పడుతుంది. బూజు మేతలోని ఆఫ్లాటాక్సిన్ అనే విషం చేప కాలేయాన్ని తినేస్తుంది. కాలేయం పాడయ్యాక పసుపు బాగుచేయలేదు.

నర్సరీలో పొడి మేత వేసేవాళ్లు తవుడు, పల్లి చెక్క పొడిలో మూలిక కలిపి గంజితో ముద్దలు చేసి, పళ్లేల్లో పెట్టి నీళ్లలోకి దించాలి. గంట తర్వాత పళ్లెం పైకి తీసి ఎంత మిగిలిందో చూడాలి. చల్లుడు మేతలో కలిపితే నీళ్ల పాలే.

బయోఫ్లాక్ తొట్లు (చేప వ్యర్థాలను బ్యాక్టీరియాతోనే శుద్ధి చేసుకునే తొట్లు) ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. ఎల్లిగడ్డ బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది. మీ తొట్టి నడిచేదే బ్యాక్టీరియా మీద. పూత వరకే వాడండి, రసం నీళ్లలో పోయొద్దు.

## ఎప్పుడు వేయాలి

నీటి వేడి 20 డిగ్రీల కిందికి పడితే బొచ్చె, రవ్వు మేత బాగా తగ్గించేస్తాయి. సరిగ్గా ఆ చలిలోనే ఎర్ర పుండ్ల వ్యాధి వస్తుంది. దానికి కారణమైన బూజు జాతి సూక్ష్మజీవికి 18 నుంచి 22 డిగ్రీల నీరు ఇష్టం, కొర్రమట్ట దానికి తొందరగా లొంగిపోతుంది. కాబట్టి డిసెంబర్‌లో పుండ్లు చూసి మూలికలు వెతికితే అప్పటికే ఆలస్యం. చేపలు బాగా తింటున్నప్పుడే వేసేయాలి. మన క్యాలెండర్‌లో చెప్పాలంటే దసరా నుంచి దీపావళి దాకా వేయండి, ఆ ఇరవై రోజులు సరిగ్గా సరిపోతాయి. తర్వాత మూడు నాలుగు వారాలు ఆపండి. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే పదార్థాలను ఆపకుండా వేస్తూ పోతే వాటి ప్రభావం తగ్గిపోతుంది.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలి ముందే దిగుతుంది, అక్కడివాళ్లు బతుకమ్మ మొదలైన రోజు నుంచే వేయడం మంచిది.

## మీరు ఎవరైతే మీకు ఏది

ఊరి చెరువు సొసైటీ: రామప్ప, పాకాల లాంటి కాకతీయుల కాలపు చెరువు కానివ్వండి, మిషన్ కాకతీయలో పూడిక తీసిన కుంట కానివ్వండి, మత్తడి దుంకే నీళ్లలో మేత మూలికలకు అర్థం లేదు. చాలా చెరువుల్లో మేతే వేయరు. ఆ డబ్బుతో పిల్ల సైజు చూసుకోండి, వేలెడంత పిల్ల బతికినట్టు చిన్న పిల్ల బతకదు. వచ్చిన పిల్లను వదిలే ముందు 2–3 శాతం ఉప్పునీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచి తీయండి, తల్లడిల్లితే వెంటనే తీసేయండి. మూలికలు వేయాలన్న పట్టుదల ఉంటే, పిల్లను నెల రెండు నెలలు పెంచే నర్సరీ కుంటలో వేయండి. నీళ్లు తక్కువ, మేత తక్కువ, చేప లేత. పెట్టిన రూపాయికి ఎక్కువ ఫలితం వచ్చేది అక్కడే.

సొంత చెరువులో బొచ్చె, రవ్వు పెంచే రైతు: సంచుల పద్ధతిలోనే ఉంటే పైన చెప్పినదే. గుళికలకు మారితే పసుపు. అన్ని నెలల్లో గుళికలు భరించలేకపోతే దసరా నుంచి మూడు వారాలైనా గుళికలు వేసి వాటికి పూత పట్టించండి.

కొర్రమట్ట రైతు: తొట్లలో కిక్కిరిసి ఉంటాయి, మేత ఖరీదు, ఒక్క చావు కూడా జేబుకు తగులుతుంది. పసుపుకు అందరికన్నా మీకే ఎక్కువ అవకాశం. సైజుల వారీగా వేరు చేసిన ప్రతిసారీ ఒంటికి గీతలు పడి బ్యాక్టీరియాకు దారి దొరుకుతుంది, అప్పుడు వారం రోజులు ఎల్లిగడ్డ. పిల్ల దశలో అశ్వగంధ కూడా ఆలోచించవచ్చు. మూడూ ఒకేసారి కలపొద్దు. ఏది పనిచేసిందో, ఏది మేత మాన్పించిందో అర్థంకాకుండా పోతుంది.

దిగువ మానేరు లాంటి జలాశయాల్లో కేజ్‌లు (చేపలు పెంచే వల పంజరాలు) వేసినవాళ్లు: మీకు ఇతరులకు లేని సౌకర్యం ఒకటుంది. నీళ్లు ఒకటే, చేప ఒకటే, మేత ఒకటే. సగం కేజ్‌లకు పసుపు వేయండి, మిగతా సగానికి పసుపు లేని మేతే వేయండి. రెండు వారాలకోసారి ఒక్కో దాంట్లోంచి ఇరవై ముప్పై చేపలు తూచి రాసుకోండి, చావులు ఏ రోజుకారోజు రాయండి. ఒక్క సీజన్‌లో మీ దగ్గరున్న సమాచారం ఏ షాపువాళ్ల దగ్గరా ఉండదు.

## మూలికలు చేయలేనివి

తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే అది ఆక్సిజన్ కొరత. ఏరేటర్ (నీళ్లకు గాలి ఎక్కించే యంత్రం) తిప్పాలి, కొత్త నీళ్లు పెట్టాలి, ఆ రోజు మేత ఆపాలి. అడుగున కుళ్లు పేరుకుని అమ్మోనియా పెరిగితే ఎల్లిగడ్డకు చేతకాదు. ఒంటి మీద కంటికి కనబడే చేప పేను పడితే, అది రక్తం పీల్చే పురుగు కాబట్టి మేతలో మూలికలతో రాలిపోదు. చేపలు కర్రలకు, గట్టుకు ఒళ్లు రుద్దుకుంటున్నాయంటే ముందు పేను కోసం చూడండి. ఎర్ర పుండ్లు మొదలైపోతే సున్నం, భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ తయారుచేసిన సిఫాక్స్ లాంటివి నీటికి వాడాల్సినవి, మేతకు కాదు.

బ్యాక్టీరియా జబ్బు ముదిరి రోజూ చేపలు తేలుతున్నప్పుడు యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు. అప్పుడు మూలికల మీద పట్టుదలకు పోయి చెరువు పోగొట్టుకోవద్దు. కానీ ఏ యాంటీబయాటిక్, ఎన్ని రోజులు, ఆపాక ఎన్నాళ్లకు చేప అమ్మాలి అన్నది పరీక్ష చేసినవాళ్లే చెప్పాలి. వరంగల్ దగ్గర మామునూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, జిల్లా మత్స్యశాఖ కార్యాలయం ఉంది. వెళ్లేటప్పుడు చచ్చి తేలిన చేపను సంచిలో వేసుకుని వెళ్లకండి. గంటల్లో కుళ్లిపోయి ఏ బ్యాక్టీరియా చంపిందో, ఏది తర్వాత చేరిందో తేలదు. జబ్బు పడి ఇంకా మెల్లగా ఈదుతున్న రెండు మూడు చేపలను చెరువు నీళ్లతోనే ఆక్సిజన్ నింపిన కవర్‌లో పెట్టండి. విడిగా ఒక శుభ్రమైన సీసాలో లీటరు నీళ్లు పట్టండి. గత పది రోజుల్లో ఏం మేత వేశారు, ఏ మూలిక ఎంత కలిపారు, రోజుకు ఎన్ని చచ్చాయి అన్నది కాగితం మీద రాసి తీసుకెళ్లండి.